పిల్లల సేవకు గంటల లెక్క ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారం.

కార్లో అకూటిస్‌ను శ్రీసభ (కతోలిక చర్చి) పునీతుడిగా, అంటే సెయింట్‌గా, ప్రకటించిన దగ్గర్నుంచి అతని మీద వచ్చే వ్యాసాలన్నీ వదలకుండా చదువుతున్నాను. మీ పత్రికలో వచ్చిందీ చదివాను. 2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియో ఆ ప్రకటన చేయడం, 1991లో పుట్టిన కుర్రాడు పునీతుడు కావడం, జీన్స్ ప్యాంటు, కంప్యూటరు, దివ్యసత్ప్రసాద (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) అద్భుతాల మీద అతను తయారు చేసిన వెబ్‌సైటు, అన్నీ చక్కగా రాశారు. కానీ వీధుల్లో పడుకునేవాళ్ల కోసం అతను తన చేతిఖర్చు డబ్బుతో స్లీపింగ్ బ్యాగులు కొనేవాడన్న సంగతి ఎక్కడో చివర్లో ఒక్క వాక్యంలో తేలిపోయింది. 2006 అక్టోబరులో లుకేమియాతో పదిహేనేళ్లకే చనిపోయినప్పుడు, అంత్యక్రియలకు ఇంట్లోవాళ్లు ఎరగని పేదలు చాలామంది వచ్చారని అతని తల్లి చెప్పింది. ఆ సంగతైతే అసలు రాయనే లేదు. మీ ఒక్కరినే అని ఏం లాభం, అందరూ అలాగే రాశారు. మా పిల్లలకూ అతను ‘కంప్యూటరు పునీతుడు’గానే తెలుసు. అందుకే, మన పిల్లల సేవను గంటల్లో లెక్కపెట్టే పద్ధతి మీద ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వీలు చూసుకుని వేయండి.

నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా విచారణలో (పారిష్‌లో) భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) సిద్ధమయ్యే పిల్లలకు సత్యోపదేశం, అంటే మత పాఠాలు, చెబుతున్నాను. పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లు. ఆ వయసు పిల్లలకు చెప్పడం కష్టమని అందరూ భయపెట్టారు కానీ నాకలా అనిపించలేదు. వాళ్లు విసుగు దాచుకోరు, అంతే. పెద్దవాళ్లం దాచుకుంటాం.

నా అభ్యంతరం సేవా గంటల కాగితం మీద. చాలా విచారణల్లో ఇది మామూలే. అభ్యంగనం తీసుకోబోయే పిల్లలు ఇన్ని గంటలు సేవ చేయాలని చెప్పి ఒక కాగితం చేతికిస్తారు. తేదీ, చేసిన పని, గంటలు, పెద్దల సంతకం అని గడులుంటాయి. ఉద్దేశం మంచిదే. వినడంతో సరిపెట్టకుండా ఏదో ఒకటి చేయించాలని ఎవరో మంచి మనసుతోనే మొదలుపెట్టి ఉంటారు. జరిగేది మాత్రం వేరు. నెలల తరబడి ఆ కాగితం బైబిలు మధ్యలో నలుగుతుంది. బిషప్పుగారు వచ్చే తేదీ ఖాయమయ్యాక ఒక్కసారిగా పరుగులు మొదలు. “మా అమ్మాయికి ఇంకా గంటలు తక్కువయ్యాయి, ఏదైనా పని చూపించండి” అని తల్లులు ఫోన్ చేస్తారు. ఉన్న కొద్దిపాటి పనిని పదిమందికి పంచుతాం. నిన్న ఒక గుంపు సర్దిన పాత బట్టల మూటలనే ఇవాళ ఇంకో గుంపు విప్పి మళ్లీ సర్దుతుంది. సంతకాలు పడతాయి. అభ్యంగనం అవుతుంది. తర్వాతి ఆదివారం నుంచి ఆ పిల్లల్లో సగం మంది పూజకే కనపడరు, ఇక సేవ సంగతి చెప్పక్కర్లేదు.

ఇది శ్రీసభ చట్టమేమో అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు. 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతిలో అభ్యంగనానికి కావలసినవేమిటో 889వ నియమం చెబుతుంది. వివేకం వచ్చినవాళ్లయితే తగిన బోధన పొంది ఉండాలి, మనసు సిద్ధపరచుకుని ఉండాలి, జ్ఞానస్నాన వాగ్దానాలను మళ్లీ చెప్పగలగాలి. గంటల ఊసు అందులో లేదు. అది మనం చేర్చుకున్నది. మనం చేర్చుకున్నదాన్ని మనం మార్చుకోవచ్చు కూడా.

నా కళ్లు తెరిపించింది ఒక కుర్రాడు. తరగతిలో పెద్దగా మాట్లాడడు. ఒకరోజు అందరూ వెళ్లాక ఆ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల నానమ్మకు మతిమరుపు జబ్బు. అర్ధరాత్రి లేచి ఎవరినో పేరు పెట్టి పిలుస్తుందట, ఎప్పుడో చనిపోయిన వాళ్లని. అమ్మా నాన్నా పొద్దున్నే పనికి వెళ్లాలి కాబట్టి వీడే లేచి వెళ్లి, ఆవిడ పిలిచే ఆ మనిషిలాగే పలుకుతూ నిద్రపట్టేదాకా చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. “టీచర్, ఇది రాయొచ్చా? ఇంట్లోవాళ్లకు చేసింది లెక్కలోకి రాదని చెప్పారు” అన్నాడు. నేను ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసినదాన్ని. ఆ జబ్బు మనిషిని అర్ధరాత్రి సముదాయించడం ఎంత కష్టమో నాకు తెలుసు. జీతం తీసుకుని చేసేవాళ్లమే విసుక్కున్న రాత్రులున్నాయి. వాడు చేస్తున్నది లెక్కలోకి రాదట, సర్దిన మూటలు మళ్లీ సర్దితే వస్తుందట! ఆ కాగితం మీద నాకున్న గౌరవం ఆ రోజుతో పోయింది.

‘క్రియలు లేని విశ్వాసం నిర్జీవం’ అన్న వాక్యం మన పిల్లలకు కంఠతా వచ్చు. యాకోబు లేఖ రెండో అధ్యాయంలోది. దానికి ముందు రెండు వచనాల్లో ఏముందని అడిగితే చెప్పలేరు. ఒంటిమీద సరైన బట్టలేక, ఆ పూటకు తిండి లేక ఒక సోదరుడో సోదరో ఎదురైతే, “సమాధానంతో వెళ్లండి, వెచ్చగా ఉండండి, కడుపునిండా తినండి” అని దీవించి పంపేసి, చేతిలో మాత్రం ఏమీ పెట్టకపోతే ఏం ప్రయోజనం అని అడుగుతాడు యాకోబు. ఆ దీవెన ఇచ్చినవాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. మాటలు ఎంత మర్యాదగా ఉన్నాయో చూడండి. మన దగ్గర కూడా అలా మర్యాదగా దీవించి పంపేవాళ్లకు కొదవ లేదు. ‘మీ కోసం ప్రార్థిస్తాం’ అని పంపించి, గుమ్మం దాటగానే మరచిపోతాం. పిల్లలు ఇవన్నీ గమనిస్తారు. యాకోబు చెప్పిన క్రియ గంటల్లో కొలిచేది కాదు. ఎదురుగా నిలబడిన ఆ ఒక్క మనిషికి చలి తగ్గిందా లేదా అన్నదే ప్రశ్న.

మన కతోలికుల బైబిల్లో తోబీతు గ్రంథం ఉంది. పిల్లలకు దాన్ని ఎవరూ చదివి వినిపించరు. చేప, దేవదూత, ప్రయాణం ఉన్న కథ కాబట్టి చెబితే వింటారు. నేను మాత్రం రెండో అధ్యాయం దగ్గర ఆగుతాను. నీనెవె అనే పరాయి నగరంలో చెరలో ఉన్న తోబీతు పండుగనాడు భోజనానికి కూర్చుంటాడు. ఎదురుగా రకరకాల వంటకాలు. కొడుకు తోబియాను పిలిచి, మనవాళ్లలో దేవుణ్ణి మరవని పేదవాడెవరైనా కనిపిస్తే తీసుకురా, నువ్వు వచ్చేదాకా నేను తినను అంటాడు. అబ్బాయి వెళ్తాడు. పేదవాణ్ణి తీసుకురాడు, చెడ్డ కబురు తెస్తాడు. మనవాడొకణ్ణి చంపి సంతలో పడేశారు నాన్నా అంటాడు. తండ్రి ముద్ద ముట్టకుండా లేచి వెళ్లి, ఆ శవాన్ని తీసుకొచ్చి దాచి, పొద్దుగూకాక పాతిపెడతాడు. ఇరుగుపొరుగు ఎగతాళి చేస్తారు. ఈ పని చేసినందుకే కదా లోగడ ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయాడు, ఇంకా బుద్ధి రాలేదా అంటారు.

తండ్రి కొడుక్కి కాగితం ఇచ్చి ‘పో, సేవ చేసి సంతకం పెట్టించుకు రా’ అనలేదు. తాను తినకుండా కూర్చున్నాడు. కొడుకు కబురు తెస్తే ముందుగా లేచింది తనే. నాలుగో అధ్యాయంలో దానధర్మాల గురించి కొడుక్కి చెప్పిన బుద్ధులు చాలా పెద్దవి, పేదవాడి నుంచి మొహం తిప్పుకోవద్దనీ, ఉన్నది కొంచెమైతే ఆ కొంచెంలోనే ఇవ్వమనీ. అవి ఆ కొడుకు చెవికెక్కి ఉంటే దానికి కారణం రెండో అధ్యాయమే అని నా నమ్మకం. ఆకలిగొన్నవాళ్లకు తిండి పెట్టడం లాంటి శారీరక దయాకార్యాలు ఏడని మనం నేర్పుతాం. అందులో ఆరు మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలో ప్రభువు నోట వచ్చినవి. ఏడోది, చనిపోయినవాళ్లను పాతిపెట్టడం, ఈ తోబీతు నుంచి వచ్చింది. మన పిల్లలను మనం చావు దరిదాపులకు రానివ్వం. నా అభిప్రాయం అది కాదు. వెనకా ముందూ ఎవరూ లేని ముసలివాళ్ల అంత్యక్రియలకు మా తరగతి పిల్లలను తీసుకెళ్తాను. పాటలు వాళ్లే పాడతారు. శవపేటిక వెనక నడవడానికి మనుషులే లేనిచోట పదిమంది పిల్లలు నడవడం ఎంత పెద్ద పనో, ఒకసారి చేసినవాళ్లకు నేను వివరించనక్కర్లేదు.

ఇప్పుడు మీ వృత్తికి సంబంధించిన సంగతి. 1833 ఏప్రిల్ 23న పారిస్‌లో కొందరు కాలేజీ కుర్రాళ్లు ఒక పత్రికా కార్యాలయంలో కూర్చున్నారు. ఆ పత్రిక నడిపే ఎమ్మాన్యుయేల్ బైయీ వాళ్లకు పెద్దదిక్కు. కుర్రాళ్లలో ఒకడు ఫ్రెడెరిక్ ఒజనామ్, ఆ రోజుకు అతనికి సరిగ్గా ఇరవై ఏళ్లు నిండాయి. అంతకుముందు వాళ్లు చేసిందల్లా వాదించడం. చరిత్ర, తత్వం, శ్రీసభ గొప్పతనం. ఎదుటి పక్షం కుర్రాడొకడు ఒకరోజు నిలదీశాడు, ఒకప్పుడు మీ మతం గొప్పదే, ఒప్పుకుంటాం, ఇప్పుడు మీరేం చేస్తున్నారో చూపించండి అని. ఒజనామ్‌కు ఆ మాట గుచ్చుకుంది. తమ దగ్గర మిగిలిన వంటచెరకు ఒక పేద కుటుంబానికి మోసుకెళ్లి ఇచ్చాడు. పేదలు ఎక్కడుంటారో, వాళ్ల గడప ఎలా తొక్కాలో ఆ కుర్రాళ్లకు నేర్పింది సిస్టర్ రోసలీ రాందు అనే కన్యస్త్రీ. ముఫెతార్ అనే పేదల పేటలో ఆవిడకు తెలియని ఇల్లు లేదు. అలా మొదలైందే ఇవాళ ప్రపంచమంతటా ఉన్న పవిత్ర విన్సెంట్ డి పాల్ సభ. వాళ్ల పద్ధతి మొదటినుంచీ ఒకటే. ఇద్దరిద్దరుగా ఇంటికి వెళ్లడం, కూర్చోవడం, మళ్లీ వెళ్లడం. మొన్నటిదాకా వాదనలే చేసినవాళ్లను ఈ దారి పట్టించింది ఎదుటివాడి ప్రశ్న, దారి చూపింది ఒక పెద్దావిడ. మన పిల్లలను ప్రశ్నించేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. ఇల్లు చూపించేవాళ్లే తక్కువ.

కార్లోతో పాటు అదే రోజు పునీతుడైన పియెర్ జార్జో ఫ్రసాతి గురించి మీరు రెండు మాటలు రాస్తారని ఎదురుచూశాను. అతనిదీ పత్రిక ఇల్లే. తండ్రి అల్ఫ్రేదో ఫ్రసాతి తూరినోలో ‘లా స్తంపా’ దినపత్రిక అధిపతి, ఆపైన బెర్లిన్‌లో ఇటలీ రాయబారి. దేవుడి మీద పెద్ద పట్టింపు లేని మనిషి. కొడుకు 1918లో, పదిహేడేళ్లకు, విన్సెంట్ డి పాల్ సభలో చేరాడు. ట్రాము డబ్బులు ఎవరికో ఇచ్చేసి ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చేవాడు, భోజనానికి ఆలస్యమై చీవాట్లు తినేవాడు. కొండలెక్కడం, స్నేహితులతో అల్లరి, పొద్దున్నే పూజ, అన్నీ ఉండేవి. 1925లో ఇరవై నాలుగేళ్లకు పోలియో వచ్చింది. ఇంట్లో అదే వారంలో అమ్మమ్మ చావుబతుకుల్లో ఉంది కాబట్టి ఇతని జబ్బును ఎవరూ పట్టించుకోలేదు. చనిపోయే ముందురోజు, పక్షవాతం వచ్చిన చేత్తో వంకరటింకర అక్షరాలతో స్నేహితుడికి ఒక చీటీ రాశాడు. ఫలానా రోగికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు ఇవిగో, ఇంకో ఆయన తాకట్టు చీటీ గడువు సంగతి మరచిపోయాను, నా లెక్కలో కట్టి పొడిగించు అని. జూలై 4న పోయాడు. అంత్యక్రియలకు వీధి నిండా పేదలు. కొడుకు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నాడో ఆ ఇంటికి అప్పుడు తెలిసింది. ఊరివార్తలన్నీ అచ్చువేసే ఇంట్లో, కొడుకు వార్త వాళ్లకే అందలేదు.

ఆ చీటీని మా పిల్లలకు చెప్పినప్పుడు వాళ్లు అడిగిందేమిటో తెలుసా? “తాకట్టు చీటీ గడువు అతనికెందుకు తెలుసు టీచర్?” అని. ఎందుకంటే అతను ఆ ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లాడు. ఒక్కసారి వెళ్లి పొట్లం ఇచ్చి వచ్చేవాడికి గడువులు తెలియవు.

నేను అడిగేది ఇదే. ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఒక మనిషిని అప్పగించండి. ఎన్ని గంటలు చేశావని అడగడం మాని, ‘నీ మనిషి ఎలా ఉన్నారు’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలంటే వెళ్లక తప్పదు. వెళ్లినవాడికి ఆ పెద్దాయనకు కంటిచుక్కలు ఎప్పుడు వేయాలో, ఏ కూతురి ఫోను కోసం ఎదురుచూస్తాడో తెలుస్తుంది. మా తరగతిలో ఒకమ్మాయి చూపు తగ్గిన ఒక మాస్టారికి దినపత్రిక చదివి వినిపిస్తుంది. సంపాదకీయం కూడా వదలనివ్వరట ఆయన, ఉచ్చారణ తప్పితే మళ్లీ చదివిస్తారట. ఆ అమ్మాయి మొదట్లో గునిసింది. ఇప్పుడు రెండు వారాలు పరీక్షలని వెళ్లకపోతే మాస్టారు ఏ వార్త మీద ఎవరితో వాదించి ఉంటారో అని తనకే బెంగ. ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారో నాకు చెప్పడం కష్టం.

రోగిని చూడ్డానికి పంపేముందు నేర్పాల్సినవి ఉంటాయి. ఇది నా వృత్తి కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను. మంచం కాళ్ల దగ్గర నిలబడి మాట్లాడకూడదు, పడుకున్నవాళ్లకు మన మొహం కనపడదు. కుర్చీ లాక్కుని కళ్లకు ఎదురుగా కూర్చోవాలి. మంచం మీద కూర్చోకూడదు. లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ చేతులు కడుక్కోవాలి, జలుబు దగ్గు ఉంటే ఆ రోజు మానేయాలి. జబ్బు వివరాలు అడగొద్దు, వాళ్లు చెబితే వినాలి. ‘అంతా దేవుడి చిత్తం’ అని పదిహేనేళ్ల నోటితో చెప్పడం అస్సలు వద్దు. చెప్పేవాళ్లకది సుఖంగానే ఉంటుంది, నొప్పితో ఉన్నవాళ్లకు కాదు. మాటలు అయిపోతే ఊరుకోవచ్చు. ఫోను జేబులోంచి బయటికి రాకూడదు. రోగికి అలసట వచ్చిందని కనిపెట్టి లేవడం అన్నిటికన్నా కష్టమైన విద్య. కొందరు నర్సులకే పట్టుబడదు. వెళ్లేటప్పుడు ‘మళ్లీ వస్తా’ అంటే రావాలి. రాలేకపోతే ఆ మాట అనకూడదు. రెండు పూటలు గుమ్మం వైపు చూసి చూసి నన్ను అడిగిన రోగులు ఇంకా కళ్లముందే ఉన్నారు.

అందరూ రోగుల దగ్గరికి వెళ్లలేరు. ఆసుపత్రి వాసనకే కళ్లు తిరిగే పిల్లలుంటారు. వాళ్లను బలవంతపెట్టడం పాపం. దయాకార్యాల్లో ఆధ్యాత్మికమైనవీ ఏడున్నాయి. అవి పిల్లల రోజువారీ బతుకులోనే ఉన్నాయి, బడిలో, ఫోనులో. తెలియనివాళ్లకు నేర్పడం అందులో ఒకటి. లెక్కలు రాని చిన్న తరగతి పిల్లాడి పక్కన కూర్చోవడం అది. బాధలో ఉన్నవాళ్లను ఓదార్చడం, చిరాకు పుట్టించేవాళ్లను ఓర్చుకోవడం, తప్పు చేసినవాళ్లను క్షమించడం. తరగతి వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి ఫొటోకు ఏవేవో అంటించి నవ్వుకుంటుంటే, ‘ఇది తీసేయండి’ అని ముందుగా రాసే ఆ ఒక్కరు కావడం ఎంత ధైర్యమో పెద్దవాళ్లకు తెలియదు. వృద్ధాశ్రమంలో పళ్లు పంచి రావడం దానికన్నా సులువు. ఖైదీలను చూడ్డానికి ఈ వయసు పిల్లలను పంపలేం. కానీ తండ్రి జైల్లో ఉన్నాడని తెలిసి ఎవరూ పక్కన కూర్చోని అబ్బాయి ఏ తరగతిలోనైనా ఉండొచ్చు. వాడి పక్కన బల్ల మీద కూర్చుంటే చాలు. దానికి సంతకం ఎవరు పెడతారు చెప్పండి?

ఇక ఫొటోలు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. అదే సువార్త అయిదో అధ్యాయంలో, మీ మంచి పనులు చూసి జనం పరలోక తండ్రిని స్తుతించేలా మీ వెలుగు ప్రకాశించనివ్వండి అనీ ఉంది. ఈ రెండోదాన్ని పట్టుకుని బ్యానర్లు కట్టేవాళ్లను చూశాను. ప్రకాశించమన్నది పని గురించి, మన మొహం గురించి కాదు. అందులోనూ, తీసుకునేవాడి మొహం అచ్చు వేయడం నాకు అస్సలు మింగుడుపడదు. దుప్పటి తీసుకుంటూ కెమెరా వైపు చూడమంటే చూసే ఆ ముసలాయన ‘వద్దు’ అనగలడా? దుప్పటి పోతుందేమోనని చూస్తాడు. మా తరగతిలో నియమం పెట్టాం, సహాయం తీసుకునేవాళ్లతో ఫొటో ఉండదు. ఈ విషయంలో పత్రికల సాయం కూడా కావాలి. అలాంటి ఫొటోలు విచారణల నుంచి మీకు కుప్పలుగా వస్తుంటాయి. వేయకండి. ఒకటి రెండుసార్లు వేయకపోతే పంపడం వాళ్లే మానేస్తారు.

ఒకమ్మాయి తరగతిలో అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది. “నా స్నేహితురాలు ఏ దేవుణ్ణీ నమ్మదు. నాకన్నా ఎక్కువ సాయం చేస్తుంది. మరి నా విశ్వాసం దేనికి?” చటుక్కున జవాబు చెప్పబోయి ఆగాను. స్నేహితురాలిని తక్కువ చేసే జవాబేదీ సరైనది కాదు. మంచి సమరయుని కథలో గాయపడినవాణ్ణి ఎత్తుకుని గాడిద మీద వేసుకున్నది యాజకుడు కాదు, గుడి సేవ చేసే లేవీయుడూ కాదు, వాళ్లు పరాయివాడిగా చూసే సమరయుడు. ఆ పని చేసినవాణ్ణే ప్రభువు మనకు మాదిరిగా చూపించాడు. కాబట్టి ముందు ఆ స్నేహితురాలితో కలిసి వెళ్లమన్నాను. మిగతాది నాకు తెలిసినంతలో చెప్పాను. మనం మంచి పనులు చేసి దేవుడి ప్రేమను కొనుక్కోవడం లేదు. ఎఫెసీయుల లేఖ రెండో అధ్యాయంలో పౌలు, కృపవల్లనే రక్షణ పొందారు, క్రియల వల్ల కాదు, ఎవరూ గొప్పలు చెప్పుకోకుండా అంటాడు, ఆ వెంటనే మంచి పనుల కోసమే మనం సృజించబడ్డాం అంటాడు. ఈ విషయం మీద వందల ఏళ్లు కొట్టుకున్న కతోలికులూ, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖైన లూథరన్లూ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బుర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు, కృప ముందు, మంచి పనులు దాని ఫలాలు అని. అంటే ప్రేమ ముందే అందింది. అది అందినవాళ్లు దాన్ని ఇంకొకరికి అందించకుండా ఉండలేరు. సాయం చేసీ చేసీ విసుగొచ్చిన రోజున, ఎదుటివాడు కృతజ్ఞత చూపని రోజున, మళ్లీ వెళ్లడానికి నాకు బలం ఎక్కడ దొరికిందో చెప్పాను. డ్యూటీ దిగి తిన్నగా పొద్దుటి పూజకు వెళ్లేదాన్ని. అక్కడ నేను ఇచ్చేది ఏమీ ఉండేది కాదు, చేయి చాచి తీసుకోవడమే. ఆ అమ్మాయి ఒప్పుకుందో లేదో తెలియదు. తల ఊపింది.

ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. సాయం చేసే ఇంట్లో మతం గురించి మనంతట మనం ఎత్తకూడదు. ఆ ఇంట్లోవాళ్లు ఏ దేవుణ్ణి కొలిచినా, కొలవకపోయినా. అడిగితే చెప్పొచ్చు. ఆకలిగా ఉన్నవాడి ముందు పళ్లెం పెట్టి పక్కన షరతు పెడితే అది దయ కాదు.

తల్లిదండ్రుల భయం చదువు గురించి. దానికి నేను వెక్కిరింపుగా జవాబు చెప్పను, ఆ భయం నిజమైనదే. అందుకే వారానికి ఒక పూట చాలంటాను, పరీక్షలప్పుడు అదీ వద్దు. కాకపోతే ముందే ఆ పెద్దాయనకు చెప్పి రావాలి, ఫలానా వారం దాకా రాలేనని. అసలు మెలకువ తల్లిదండ్రులే కూడా వెళ్లడంలో ఉంది. తోబీతును గుర్తు చేస్తే కొందరు నాన్నలు నవ్వేసి ఊరుకున్నారు. ఒక నాన్న మాత్రం నవ్వలేదు. కొడుకుతో కలిసి వెళ్లి ఓ పెద్దావిడ ఇంటి కుళాయి బాగుచేసి వస్తున్నాడు. వాళ్లిద్దరి మధ్య ఏడాదిగా సరైన మాటల్లేవని వాళ్లావిడ చెప్పింది. కుళాయి విప్పేటప్పుడు పానా అందుకోవడానికైనా మాట్లాడుకోక తప్పదు కదా.

భద్రత విషయంలో మాత్రం నేను కాస్త మొండిదాన్నే. పిల్లలను ఒంటరిగా ఎవరింటికీ పంపకూడదు. ఇద్దరు పిల్లలు, వాళ్లతో కనీసం ఇద్దరు పెద్దలు, తలుపు తెరిచే ఉండాలి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి, ఎక్కడికి వెళ్లారో విచారణలో రాసి ఉండాలి. పిల్లలకు ఏదైనా ఇబ్బందిగా అనిపిస్తే ఎవరికి చెప్పాలో ముందే చెప్పి ఉంచాలి, ఆ చెప్పించుకునే మనిషి విచారణ గురువే (ఫాదరే) కానక్కర్లేదు. పిల్లల నమ్మకాన్ని పెద్దలు వమ్ము చేసిన ఉదంతాలు శ్రీసభలోనే ఎన్ని బయటపడ్డాయో మీ పాఠకులకు తెలుసు. సేవ పేరు చెప్పి ఆ జాగ్రత్తల్ని సడలించమనే హక్కు ఎవరికీ లేదు.

మా విచారణ గురువులకు ఇవన్నీ చెప్పినప్పుడు ఆయన ఓపికగా విని, “మరి ఎవరు చేశారో ఎవరు చేయలేదో ఎలా తెలుస్తుందమ్మా?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పూర్తిగా తెలియదన్నాను. కాగితంతో మాత్రం తెలిసిందా అన్నాను. ఆయన ఒక ఏడాది చూద్దామన్నారు. ఆ ఏడాదిలో కొందరు పిల్లలు మధ్యలో మానేశారు, దాచడం ఎందుకు. మానేసినవాళ్లకు అభ్యంగనం ఆపలేదు, దాన్ని సేవకు కూలిగా ఇవ్వడం లేదు కాబట్టి. కొనసాగించినవాళ్లలో కొందరు అభ్యంగనం అయ్యాక కూడా వెళ్తున్నారు. ఎవరూ అడగకుండానే. నానమ్మ కుర్రాడు కూడా వెళ్తున్నాడు. వాళ్ల నానమ్మ పోయింది. ఇప్పుడు అదే జబ్బున్న ఇంకో ఇంటికి, వాళ్ల అమ్మతో కలిసి. ఆ ఇంటివాళ్లు ఆ పూట కాస్త నిద్రపోతారు.

ఈ ఏడాది కొత్త తరగతి మొదలవుతోంది. పిల్లల కన్నా మనుషుల జాబితా పొడుగ్గా ఉంది, పిల్లలే చాలడం లేదు. చదివే పెద్దవాళ్లలో, వారానికి ఒక పూట ఇద్దరు పిల్లల వెంట నడవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ మీ విచారణల్లో సత్యోపదేశం చెప్పేవాళ్లను కలవండి. వాళ్లకు ముందుగా కావలసింది మీరే.

ఇట్లు,
సత్యోపదేశం చెప్పే ఒక రిటైర్డ్ నర్సు